ఆనవాలు, ఉనికి: హెపటైటిస్-సి రక్తపరీక్షల తెలుగు పరిభాషపై విమర్శనాత్మక పరిశీలన (తిరుపతి, చిత్తూరు ప్రాంత నేపథ్యం)

వ్యాససంగ్రహం:
దీర్ఘకాలిక హెపటైటిస్-సిని నిర్ధారించే రక్తపరీక్షలు రెండంచెలుగా సాగుతాయి. వైరస్ ఎప్పుడైనా శరీరంలో ప్రవేశించిందా అన్నది మొదటి పరీక్ష చెబుతుంది. అది ఇప్పుడు రక్తంలో ఉందా అన్నది రెండవ పరీక్ష చెబుతుంది. తెలుగులో ఈ రెండు ఫలితాలకూ ‘పాజిటివ్’ అన్న ఒకే మాట వాడుకలో ఉంది. ఈ మాట, దానితోపాటు ‘పచ్చకామెర్లు’, ‘ప్రతిరక్షకం’ అన్న పదాలు రోగి అవగాహనను ఏ విధంగా మళ్లిస్తున్నాయో తిరుపతి, చిత్తూరు జిల్లాల భాషా వైద్య సందర్భంలో పరిశీలించడం, తెలుగులోనే ఉన్న ‘ఆనవాలు’, ‘ఉనికి’ అన్న పదాల ప్రయోజనాన్ని విచారించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: హెపటైటిస్-సి, రక్తపరీక్ష, వైద్య పరిభాష, పచ్చకామెర్లు, ప్రతిరక్షకం, ఆర్.ఎన్.ఏ. పరీక్ష, తిరుపతి, చిత్తూరు.

1. ఉపోద్ఘాతం:
రక్తపరీక్ష ఫలితపత్రం కూడా ఒక పాఠ్యమే. దానికి రచయిత ప్రయోగశాల, ఉద్దిష్ట పాఠకుడు వైద్యుడు. అయితే దానిని మొదట చేతిలోకి తీసుకొనేది చాలా సందర్భాలలో రోగి, లేదా రోగి ఇంట్లో చదువుకున్న కొడుకో కూతురో. వారు ఆ పత్రాన్ని ఆంగ్లంలో చదివి ఇంట్లో తెలుగులో చెబుతారు. ఈ మౌఖికానువాదానికి ప్రమాణం లేదు, పరిష్కర్త లేడు. అయినా రోగి తరువాత వేసే అడుగు దాని మీదనే ఆధారపడి ఉంటుంది.

హెపటైటిస్-సి విషయంలో ఈ అనువాదం తప్పితే కలిగే నష్టం పెద్దది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో ప్రకటించిన నివేదిక ప్రకారం 2022 నాటికి ప్రపంచంలో సుమారు 5 కోట్ల మంది, భారతదేశంలో సుమారు 55 లక్షల మంది ఈ ఇన్ఫెక్షన్‌తో జీవిస్తున్నారు. వీరిలో అధికులకు తమలో వైరస్ ఉన్న సంగతే తెలియదు. మరోవైపు ఈ వ్యాధి పన్నెండు వారాల మాత్రలతో నూటికి 95 మందికి పైగా నయమవుతుంది. నయం కాగల వ్యాధి నయం కాకుండా మిగిలిపోతున్నదంటే లోపం మందులో లేదు, మందు దాకా నడిపించే దారిలో ఉంది. ఆ దారిలో భాషది ఎంత భాగం అన్నదే ఇక్కడి ప్రశ్న.

2. రంగుతో ముడిపడిన రోగనామం:
కాలేయవ్యాధికి తెలుగువారి మొదటి మాట ‘పచ్చకామెర్లు’. సంస్కృత ‘కామలా’ శబ్దంతో సంబంధం ఉన్న ‘కామెర్లు’ అన్న పదానికి ముందు రంగు చేరి ఈ పేరు ఏర్పడింది. ‘తెల్లకామెర్లు’ అన్న జానపద వ్యవహారం కూడా రంగు ఆధారంగానే పుట్టింది. చిత్తూరుకు ఆనుకొని ఉన్న తమిళ ప్రాంతంలోనూ ‘మంజళ్ కామాలై’ అంటూ పసుపు రంగుతోనే ఈ రోగాన్ని పిలుస్తారు. అంటే సరిహద్దుకు రెండు వైపులా కాలేయవ్యాధి కంటికి కనిపించేదిగానే భాషలో స్థిరపడింది.

పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందన్న సామెత ఈ భావనకు పరాకాష్ఠ. నిజానికి రోగికి లోకం పచ్చగా కనిపించదు, లోకానికే రోగి కన్ను పచ్చగా కనిపిస్తుంది. సామెత దిశను తిప్పినా, రోగం రంగు రూపంలో బయటపడుతుందన్న నమ్మకాన్ని మాత్రం మార్చలేదు. హెపటైటిస్-సి ఈ నమ్మకానికి లొంగదు. కొత్తగా సోకినవారిలో అత్యధికులకు కామెర్లు కనిపించవు. సుమారు 30 శాతం మందిలో ఆరు నెలల లోపు వైరస్ దానంతటదే తొలగిపోతుంది. మిగిలిన 70 శాతం మందిలో అది దీర్ఘకాలికమై ఏళ్ల తరబడి మౌనంగా ఉంటుంది. దీర్ఘకాలిక దశకు చేరినవారిలో 15 నుండి 30 శాతం మందికి ఇరవై ఏళ్లలో కాలేయం గట్టిపడే సిరోసిస్ వచ్చే ప్రమాదం ఉంది. కన్ను పచ్చబడే నాటికి చాలామందిలో కాలేయం తిరిగి కోలుకోలేని స్థితికి చేరువై ఉంటుంది.

రంగు మీద ఆధారపడిన రోగభావన చికిత్సను కూడా రంగుకే ముడిపెట్టింది. నేల ఉసిరి వంటి మూలికల పసరు, చేతి మీద వాతలు తెలుగు పల్లెలలో కామెర్లకు చిరకాలంగా వాడుకలో ఉన్నాయి. హెపటైటిస్-ఎ, ఇ రకాల వల్ల వచ్చే కామెర్లు చాలావరకు వాటంతటవే తగ్గుతాయి. ఆ తగ్గుదల కీర్తి పసరు ఖాతాలో చేరుతుంది. నేల ఉసిరిపై ఆధునిక పరిశోధన జరగలేదని కాదు. 1988లో మద్రాసు పరిశోధకులు ‘లాన్సెట్’ పత్రికలో దానిపై ఒక అధ్యయనాన్ని ప్రకటించారు. కాని అది హెపటైటిస్-బికి సంబంధించినది. ‘కామెర్లు’ అన్న ఒకే గొడుగు కింద ఎ, బి, సి, ఇ అన్నీ చేరినందువల్ల ఒకదానికి చెప్పిన మాట మరొకదానికి అన్వయమవుతున్నది. పేరులోని అస్పష్టత చికిత్సలోని అస్పష్టతగా పరిణమించడానికి ఇది ఉదాహరణ.

3. పరీక్షల క్రమం: ఏది దేనిని చూపుతుంది:
ఈ వ్యాధికి పేరు రావడమే ఆలస్యమైంది. 1970ల మధ్యలో రక్తమార్పిడి తరువాత వచ్చే కాలేయవ్యాధిని పరిశీలించినవారు అది ‘ఎ’ కాదు, ‘బి’ కాదు అని మాత్రమే చెప్పగలిగారు. అందువల్ల అది ‘నాన్-ఎ, నాన్-బి’ అన్న నిషేధార్థక నామంతోనే కొంతకాలం చలామణి అయింది. 1989లో వైరస్ జన్యుపదార్థాన్ని గుర్తించిన తరువాతనే ‘సి’ అన్న పేరు, దానితోపాటు రక్తపరీక్ష వచ్చాయి. ఈ కృషికి హార్వే ఆల్టర్, మైకేల్ హౌటన్, చార్లెస్ రైస్‌లకు 2020లో నోబెల్ పురస్కారం లభించింది.

మొదటి అంచెలో జరిగేది యాంటీ-హెచ్.సి.వి. పరీక్ష. ఎలీసా పద్ధతిలో గాని, వేలి నుండి తీసిన చుక్క రక్తంతో చేసే రాపిడ్ కిట్‌తో గాని దీనిని చేస్తారు. ఇది వెతికేది వైరస్‌ను కాదు, వైరస్‌కు ప్రతిగా శరీరం తయారు చేసిన యాంటీబాడీలను. సోకిన తరువాత ఇవి పరీక్షకు అందడానికి సాధారణంగా 8 నుండి 11 వారాలు పడుతుంది. రెండవ అంచెలో జరిగేది ఆర్.ఎన్.ఏ. పరీక్ష. ఇది పి.సి.ఆర్. వంటి పద్ధతులతో వైరస్ జన్యుపదార్థాన్నే వెతుకుతుంది. సోకిన ఒకటి రెండు వారాలకే ఇది వైరస్‌ను పట్టుకోగలదు. ఆర్.ఎన్.ఏ. ఉంటే ఇన్ఫెక్షన్ ప్రస్తుతం ఉన్నట్లు, అది ఆరు నెలలకు మించి కొనసాగితే దీర్ఘకాలికమైనట్లు. వైరస్ కోర్ యాంటిజెన్‌ను గుర్తించే పరీక్ష కూడా రెండవ అంచెకు ప్రత్యామ్నాయంగా ఉంది.

కాలేయ ఎంజైముల పరీక్ష ఈ రెండింటిలో దేనికీ బదులు కాదు. ఏ.ఎల్.టి. విలువ సాధారణ పరిధిలో ఉన్నప్పటికీ వైరస్ ఉండవచ్చు. ‘లివరు టెస్టు బాగానే ఉంది’ అన్న వాక్యం నుండి ‘హెపటైటిస్-సి లేదు’ అన్న నిర్ణయానికి రావడం తర్కదోషం.

4. ‘పాజిటివ్’, ‘ప్రతిరక్షకం’: రెండు పదాల విమర్శ:
ఫలితపత్రంలోని భాష సూక్ష్మమైనది. యాంటీబాడీ పరీక్షకు ‘రియాక్టివ్’ లేదా ‘నాన్ రియాక్టివ్’ అని, ఆర్.ఎన్.ఏ. పరీక్షకు ‘డిటెక్టెడ్’ లేదా ‘నాట్ డిటెక్టెడ్’ అని సాధారణంగా రాస్తారు. స్పందన వేరు, కనబడటం వేరు. ఈ భేదాన్ని ఆంగ్ల పత్రం పాటిస్తున్నా తెలుగు సంభాషణలో రెండూ ‘పాజిటివ్’లో కలిసిపోతాయి. పైగా ఎయిడ్స్ ప్రచారకాలం నుండి తెలుగునాట ‘పాజిటివ్’ అన్న మాటకు ఒక ప్రత్యేకార్థం, దానితోపాటు కళంకభావం అంటుకున్నాయి. అందువల్ల ‘సి పాజిటివ్’ అని విన్న వ్యక్తి వ్యాధి స్థితిని కాక సామాజిక స్థితిని గురించి మొదట కలతపడటం సహజం. ఆ కలతలో రెండవ పరీక్ష ప్రస్తావన మరుగున పడుతుంది.

‘యాంటీబాడీ’కి తెలుగులో ‘ప్రతిదేహం’, ‘ప్రతిరక్షకం’ అన్న పదాలు వాడుకలో ఉన్నాయి. మొదటిది మూలానికి విధేయమైన అనువాదమే గాని అర్థస్ఫూర్తి తక్కువ. రెండవదానికి అర్థస్ఫూర్తి ఎక్కువ, సమస్య అక్కడే ఉంది. ‘రక్షకం’ అన్నది పదంలోనే ఉన్నందువల్ల ప్రతిరక్షకాలున్న మనిషికి రక్షణ ఉన్నట్లు ధ్వనిస్తుంది. కొవిడ్ కాలంలో ‘యాంటీబాడీలు వచ్చాయి’ అన్నది శుభవార్తగా ప్రచారమైంది. హెపటైటిస్-బి టీకా తరువాత కనిపించే ఉపరితల యాంటీబాడీ నిజంగానే రక్షణకు గుర్తు. హెపటైటిస్-సిలో ఈ అన్వయం చెల్లదు. ఈ యాంటీబాడీలు మళ్లీ సోకకుండా కాపాడలేవు. నయమైనవారికి కూడా పునఃసంక్రమణ జరగవచ్చు. ఈ వైరస్‌కు ఇప్పటికీ టీకా లేదు. ఒకే పారిభాషిక పదం ‘బి’లో భరోసాగానూ ‘సి’లో హెచ్చరికగానూ పనిచేయవలసి రావడం తెలుగు వైద్యవ్యాసాలలో తగినంతగా చర్చకు రాని విషయం.

మూడవ చిక్కు నయమైన తరువాత మొదలవుతుంది. చికిత్స ముగిసిన పన్నెండు వారాలకు ఆర్.ఎన్.ఏ. కనిపించకపోతే వ్యాధి నయమైనట్లు పరిగణిస్తారు. అయితే యాంటీబాడీలు చాలామందిలో జీవితాంతం మిగులుతాయి. నయమైన వ్యక్తి పదేళ్ల తరువాత శస్త్రచికిత్సకు వెళితే రాపిడ్ పరీక్ష మళ్లీ ‘రియాక్టివ్’ అనే చెబుతుంది. ‘పాజిటివ్’ అన్న ఒకే మాట తెలిసిన కుటుంబానికి దీని అర్థం ‘రోగం తిరగబెట్టింది’. భాషలో గతానికీ వర్తమానానికీ తేడా లేకపోతే నయమైనవాడు కూడా రోగిగానే మిగిలిపోతాడు.

5. అంకెల పఠనం:
మొదటి పరీక్ష ఫలితాన్ని అంతిమంగా ఎందుకు తీసుకోరాదో ఒక ఊహాత్మక గణనతో చూడవచ్చు. పదివేల మంది ఉన్న జనసమూహంలో 50 మందికి ఈ యాంటీబాడీలు ఉన్నాయనుకుందాం. పరీక్ష వారిలో 98 శాతం మందిని పట్టుకొంటే 49 మంది బయటపడతారు. యాంటీబాడీలు లేని 9,950 మందిలో ఒక్క శాతం మందికి పొరపాటున ‘రియాక్టివ్’ వస్తే వారు సుమారు 100 మంది. మొత్తం 149 మంది చేతిలో ఒకే రకమైన పత్రం ఉంటుంది. నిజంగా యాంటీబాడీలున్న 49 మందిలో 30 శాతం మందికి వైరస్ ముందే తొలగిపోయి ఉంటే, ప్రస్తుతం వైరస్ ఉన్నవారు సుమారు 34 మంది. అంటే 149 పత్రాలలో చికిత్స అవసరాన్ని సూచించేవి నాలుగో వంతు కూడా లేవు. అదే డయాలసిస్ కేంద్రం వంటి, వ్యాప్తి ఎక్కువగా ఉండే చోట ఈ నిష్పత్తి మారుతుంది. పత్రంలోని మాట ఒకటే అయినా అది పలికిన సందర్భాన్ని బట్టి అర్థబలం మారుతుందన్న సాహిత్యవిమర్శ సూత్రం ఇక్కడ గణితరూపం ధరిస్తున్నది.

నిర్ధారణ తరువాత కాలేయం ఎంత దెబ్బతిన్నదో అంచనా వేయడానికి కూడా సాధారణ రక్తపరీక్షలు చాలు. ఫిబ్-4 సూచికలో వయస్సును ఏ.ఎస్.టి.తో గుణించి, ప్లేట్‌లెట్ల సంఖ్యను ఏ.ఎల్.టి. వర్గమూలంతో గుణించగా వచ్చిన దానితో భాగిస్తారు. ఉదాహరణకు వయస్సు 55, ఏ.ఎస్.టి. 80, ఏ.ఎల్.టి. 64, ప్లేట్‌లెట్లు 1,10,000 అయితే, 4,400ను 880తో భాగించగా 5 వస్తుంది. 3.25కు పైబడిన విలువ ముదిరిన దశను సూచిస్తుంది. ప్లేట్‌లెట్లు తగ్గాయంటే డెంగీ మాత్రమే గుర్తుకు వచ్చే సమాజంలో, అవే ప్లేట్‌లెట్లు కాలేయపు కథను కూడా చెప్పగలవన్న సంగతి ప్రచారంలోకి రావలసి ఉంది.

6. ప్రాంతీయ సందర్భం:
తిరుపతి, చిత్తూరు ప్రాంతం ఈ పరిశీలనకు అనువైనది. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్వ్యవస్థీకరణతో తిరుపతి ప్రత్యేక జిల్లా అయింది. నగరంలో రుయా ఆసుపత్రి, 1993లో సేవలు ఆరంభించిన శ్రీ వేంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థ (స్విమ్స్) రాయలసీమ అంతటికీ పెద్ద వైద్యకేంద్రాలు. చిత్తూరు వైపు వారికి వేలూరులోని క్రైస్తవ వైద్య కళాశాల దగ్గరి దిక్కు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడక ముందు చిత్తూరు, వేలూరు రెండూ ఉత్తర ఆర్కాటు జిల్లాలోనివే. పాలనాపరమైన గీత మారినా వైద్యం కోసం సాగే ప్రయాణం మారలేదు. కనుక ఈ ప్రాంత రోగి తన వ్యాధిని గురించి ఆంగ్లంలో చదివి, కొన్నిసార్లు తమిళంలో విని, ఇంట్లో చిత్తూరు మాండలికంలో చెబుతాడు. మూడు భాషల మధ్య నడిచే మాటకు నిలకడైన తెలుగు రూపం అవసరం ఇక్కడ మరింత ఎక్కువ.

వైరస్ రక్తం ద్వారా సోకుతుంది. శుభ్రపరచని సూదులు, పరీక్షించని రక్తం, పచ్చబొట్టు సూదులు, పంచుకున్న క్షౌరపు బ్లేడ్లు దాని మార్గాలు. కలిసి భోంచేయడం, తాకడం వల్ల సోకదు. తిరుమల కల్యాణకట్టలో ప్రతి భక్తునికి వేరుగా బ్లేడు వాడే పద్ధతి ఈ జ్ఞానానికి కార్యరూపం. లక్షలాది సామాన్యులకు ‘ఒకరి బ్లేడు మరొకరికి వద్దు’ అన్న పాఠాన్ని అది ఉపన్యాసం లేకుండా నేర్పింది. అదే ఎచ్చరిక పల్లెలోని మంగలి అంగడికీ, తిరునాళ్లలో పచ్చబొట్టు పొడిచేచోటికీ చేరాలి.

డయాలసిస్ రోగుల విషయం వేరుగా చెప్పుకోవాలి. వారిలో ఏ.ఎల్.టి. సాధారణంగానే కనిపించవచ్చు, యాంటీబాడీలు తగినంతగా తయారు కాకపోవచ్చు. అందువల్ల ఆరంభంలోనూ, ఆపై ఆరు నెలలకొకసారీ పరీక్ష చేయాలని అంతర్జాతీయ మూత్రపిండవ్యాధి మార్గదర్శకాలు చెబుతున్నాయి. ‘పోయినసారి చేశారు గదా, మళ్లీ ఎందుకు?’ అన్న ప్రశ్నకు రోగికి అర్థమయ్యే తెలుగు జవాబు ఉండాలి.

చికిత్స చరిత్ర మరొక వైరుధ్యాన్ని చూపుతుంది. 2013 చివర అమెరికాలో అనుమతి పొందిన సోఫోస్‌బువిర్ ధర అక్కడ ఒక కోర్సుకు 84,000 డాలర్లు. 2014లో భారతీయ కంపెనీలకు జెనెరిక్ తయారీకి అనుమతి లభించినప్పుడు మొదటి ఏడింటిలో హైదరాబాదు కేంద్రంగా ఉన్న హెటిరో ఒకటి. 2018 జులై 28న ఆరంభమైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం పరీక్షలనూ మందులనూ ఉచితం చేసింది. తెలుగునేల మీది పరిశ్రమ మందును అందించగలిగింది. ఆ మందు దాకా రోగిని నడిపించే తెలుగుమాట మాత్రం ఇంకా స్థిరపడలేదు.

7. ప్రతిపాదన, అభ్యంతరాలు:
గతాన్నీ వర్తమానాన్నీ వేరు చేసే జంటపదాలు తెలుగులో లేకపోలేదు. అడుగుజాడను చూసి మనిషి వెళ్లాడని తెలుసుకోవడం ఆనవాలు పట్టడం. మనిషే ఎదుట ఉంటే అది ఉనికి. యాంటీబాడీ పరీక్షను ‘ఆనవాలు పరీక్ష’ అని, ఆర్.ఎన్.ఏ. పరీక్షను ‘ఉనికి పరీక్ష’ అని వ్యవహరిస్తే రెండంచెల తర్కం పేర్లలోనే ఇమిడిపోతుంది. ఫలితపత్రం చివర ఇటువంటి వాక్యాలు చేర్చవచ్చు: ‘ఆనవాలు కనిపించింది. వైరస్ ఇప్పుడు ఉందో లేదో దీనివల్ల తెలియదు. ఉనికి పరీక్ష తప్పక చేయించుకోవాలి.’ నయమైనవారికి: ‘ఆనవాలు మిగిలి ఉంటుంది. ఉనికి లేదు. మళ్లీ మందు అవసరం లేదు.’

దీనికి మూడు అభ్యంతరాలు రావచ్చు. మొదటిది, పొరపాటు ఫలితంలో అసలు ఆనవాలే ఉండదు గదా అన్నది. అడుగుజాడను పొరబడే అవకాశం ‘ఆనవాలు’ అన్న మాటలోనే ఉంది. ‘పాజిటివ్’ ఆ అవకాశాన్ని మూసివేస్తుంది, ‘ఆనవాలు’ తెరచి ఉంచుతుంది. రెండవది, ఆంగ్లపదాలే జనానికి అలవాటయ్యాయన్నది. ఇందులో నిజముంది. ‘ఆర్‌టీపీసీఆర్’ అన్న పొడి అక్షరాల మాట కొవిడ్ కాలంలో తిరుపతి వీధులలోనూ ఇంటిమాట అయింది. కనుక ఆంగ్లపదాలను తొలగించడం కాదు, వాటి పక్కన అర్థం చెప్పే తెలుగును నిలపడమే ఇక్కడి ఉద్దేశం.

మూడవ అభ్యంతరం బలమైనది. మాట మారినంత మాత్రాన రోగి రెండవసారి ఆసుపత్రికి రాగలడా? కూలిరోజు పోగొట్టుకొని, బస్సుఖర్చు పెట్టుకొని రావడం పదజాలంతో తీరే సమస్య కాదు. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మార్గదర్శకాలలో, మొదటి పరీక్ష ‘రియాక్టివ్’ అయితే రోగిని మళ్లీ పిలవకుండా ప్రయోగశాలే వెంటనే ఆర్.ఎన్.ఏ. పరీక్ష చేయాలని సూచించింది. క్షయ నిర్ధారణకు వాడే జీన్‌ఎక్స్‌పర్ట్ వంటి యంత్రాలతో కూడా ఈ పరీక్ష సాధ్యమే. ఈ పద్ధతి అమలైన చోట భాషపై భారం తగ్గుతుంది. అమలు కాని చోట రోగిని రెండవ పరీక్షకు రప్పించే సాధనం మాట ఒక్కటే. ఏ పద్ధతిలోనైనా, నయమైన వ్యక్తికి మిగిలిన ‘రియాక్టివ్’ను వివరించే పని భాషదే.

8. ముగింపు:
ఈ పరిశీలనలో తేలిన అంశాలు మూడు. ‘పచ్చకామెర్లు’ అన్న పేరు రంగు కనిపించని వ్యాధిని కనుమరుగు చేస్తున్నది. ‘ప్రతిరక్షకం’ అన్న పదం లేని రక్షణను సూచిస్తున్నది. ‘పాజిటివ్’ అన్న మాట గతాన్నీ వర్తమానాన్నీ కలిపివేసి, వైరస్ లేనివారిని భయపెడుతున్నది, ఉన్నవారిని సగం దారిలో ఆపుతున్నది. వైద్య పరిభాషా నిర్మాణం ఇంతవరకు ఆంగ్లపదానికి సమానార్థకం వెతకడంగానే ఎక్కువగా సాగింది. ఆ పదాన్ని విన్న మనిషి తరువాత ఏం చేస్తాడన్నది కూడా పరిభాషకు గీటురాయి కావాలి. తిరుపతి, చిత్తూరు ప్రాంత విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలు, వైద్య కళాశాలలు కలిసి ఆసుపత్రి సంభాషణల తెలుగును అధ్యయనం చేస్తే ఈ గీటురాయిని పరీక్షించవచ్చు. అటువంటి పరిశోధన విలువ ప్రచురణల లెక్కలో కాక, రెండవ రక్తపరీక్షకు వచ్చినవారి లెక్కలో తెలుస్తుంది.